అన్నప్రాశనకు వోచరు ఉందా?

మా మనవరాలికి ఆరో నెల నిండింది. మొన్న వియ్యాలవారు పోర్ట్ బ్లెయిర్ వచ్చారు (2024 సెప్టెంబరు నుంచి ఈ ఊరి పేరు శ్రీ విజయపురం. నలభై ఏళ్ల అలవాటు కదా, నాకింకా నోరు తిరగడం లేదు). భోజనాల దగ్గర అన్నప్రాశన మాట వచ్చింది. "ఇప్పుడు మూఢం బావగారూ, ఇంకో రెండు నెలలు ఆగాల్సిందే" అన్నారు మా వియ్యంకుడుగారు. ఆయన చదువుకున్నవారు, బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. నేను హేతువాదినని తెలుసు కాబట్టి నా కోసం ఇంకో మాట కూడా కలిపారు. "ఆరో నెలలో అన్నం పెట్టమని మన ఋషులు ఎప్పుడో చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో గానీ ఆ మాట చెప్పలేకపోయింది. ఇది కూడా మూఢనమ్మకమేనంటారా?"

నేను నోరు విప్పేలోపే మా అమ్మాయి అందుకుంది. "ఆరో నెల అంత గొప్పదైతే మరి ఎనిమిదో నెల దాకా ఆగమంటారేం మావయ్యగారూ?"

అందరం నవ్వుకున్నాం. కానీ ఆయన ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. రెండు అంకెలు కలిశాయి కదా, మరి ఒప్పుకోవాలా వద్దా?

నేను బీకాం చదివి, డిఫెన్స్ అకౌంట్స్ లో ముప్ఫై ఆరేళ్లు పనిచేశాను. మాకు మొదట నేర్పే పాఠం ఒకటుంది. ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అయినంత మాత్రాన లెక్క సరి అయినట్టు కాదు. ఒక తప్పుని ఇంకో తప్పు కొట్టేసినా టాలీ అవుతుంది. అందుకే మొత్తం చూసి సంతకం పెట్టకూడదు. ప్రతి పద్దు వెనకా వోచరు ఉందా లేదా చూడాలి. అన్నప్రాశన పద్దుని కూడా అలాగే తనిఖీ చేద్దామనిపించింది.

నా పాత బాకీ

ముందు నా సొంత పద్దు చెబుతాను. నేను ఈ ఆడిట్ కి కూర్చోవడానికి అసలు కారణం అదే.

తొంభైల మొదట్లో మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. అప్పటికి నేను ఇంకా హేతువాదిని కాను, పెద్దలు చెప్పింది వినే మనిషిని. ఆరో నెల వచ్చేసరికి శ్రీకాకుళం నుంచి ఉత్తరం వచ్చింది. మూఢం ఉంది, ముహూర్తాలు లేవు, మూఢం పోయాక బిడ్డని తీసుకుని రండి, సింహాచలంలో చేద్దాం అని. మూఢం పోయింది. తర్వాత విశాఖ ఓడ టిక్కెట్లు దొరకలేదు. ఆ తర్వాత నాకు సెలవు దొరకలేదు. మొత్తం మీద పిల్ల నోట్లో మొదటి మెతుకు పడేసరికి పదో నెల. అప్పటిదాకా తల్లిపాలు, నీళ్లు కలిపిన ఆవుపాలు, అంతే.

పదకొండో నెలలో జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పిల్ల కనురెప్ప కిందకి లాగి చూసి, రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 7. "ఇంతకాలం ఏం పెట్టారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఐరన్ చుక్కలతో కోలుకుంది గానీ, రెండేళ్లు దాటేదాకా ముక్క నోట్లో పెడితే ఉమ్మేసేది. మిక్సీ పట్టనిదే మింగేది కాదు. ఒక్క పిల్ల కథతో ఏదీ రుజువు కాదు, అది నాకు తెలుసు. కానీ ఆ డాక్టరు ప్రశ్న మాత్రం నేనింకా మర్చిపోలేదు.

సూత్రాల్లో అసలు ఏముంది?

వియ్యంకుడుగారు చెప్పింది అబద్ధం కాదు. గృహ్యసూత్రాలు అన్నప్రాశన ఆరో నెలలో చేయమన్నాయి. మనుస్మృతి కూడా ఆరో నెలే చెప్పి, లేదా కులాచారం ప్రకారం చేసుకోమంది. కానీ అదే పేజీలో మిగతా పద్దులు కూడా చూడాలి కదా.

ఆశ్వలాయన గృహ్యసూత్రం ప్రకారం బిడ్డకి పుష్టి కావాలంటే మేకమాంసం, బ్రహ్మవర్చస్సు కావాలంటే కౌజు పిట్ట మాంసం, తేజస్సు కావాలంటే నెయ్యి కలిపిన అన్నం పెట్టాలి. శాంఖాయన, పారస్కర సూత్రాలు చురుకుదనానికి చేపని కూడా చేర్చాయి. అంటే బిడ్డ నోట్లో మొదట పెట్టేది ఏ ఫలం కోరుకుంటున్నారో దాన్ని బట్టి! ఇవాళ ఏడాది నిండకుండా గుడ్డు పెడితే అపచారమనే ఇళ్లలో ఈ సూత్రం చదివి వినిపిస్తే ఏమంటారో మీరే ఊహించుకోండి. సంప్రదాయం పేరుతో మనం కాపాడుకుంటున్నది ఆ సూత్రాన్ని కాదు. దానిలోంచి మనకి నచ్చిన ఒక్క అంకెని మాత్రమే.

ఇంకో పద్దు. ముహూర్త గ్రంథాల ప్రకారం మగపిల్లలకి సరి నెలల్లో, అంటే ఆరు, ఎనిమిది, పది నెలల్లో చేయాలి. ఆడపిల్లలకి బేసి నెలల్లో, ఐదు, ఏడు, తొమ్మిదిలో. ఆరో నెల అన్నది జీర్ణశక్తిని గమనించి పెట్టిన గడువైతే, ఆడపిల్ల పేగు ఐదో నెలలో, మగపిల్లవాడి పేగు ఆరో నెలలో తయారవుతాయా? ఏ డాక్టరూ అలా చెప్పడు. అక్కడ చూసింది పేగుని కాదు, సరి బేసి అంకెల్ని.

మూడో పద్దు. అదే సంస్కారాల వరసలో జాతకర్మ ఉంది. పుట్టిన వెంటనే బిడ్డ నాలుకకి నెయ్యి, తేనె తాకించడం. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పసిపిల్లల పేగులో మొలకెత్తి, కండరాలు చచ్చుబడే జబ్బు తెస్తాయి. దీన్ని అమెరికాలో 1976లో గుర్తించారు. అప్పటి నుంచి ఏడాది నిండేదాకా తేనె వద్దంటున్నారు. ఆరో నెలని జమ రాసుకునేవారు తేనెని ఖర్చు కింద రాయాలి కదా! ఒక్క వైపే రాస్తే అది లెక్క కాదు, ప్రచారం.

ఇక మూఢం. శుక్రుడు గానీ గురువు గానీ సూర్యుడికి దగ్గరగా వచ్చి మన కంటికి కనపడకుండా పోయే కాలం అది. శుక్ర మూఢం ఒక్కోసారి నెలల తరబడి ఉంటుంది. తమాషా ఏమిటంటే, నెల లెక్కన చేసే అన్నప్రాశనకి మూఢం పట్టింపు లేదనే పండితులూ ఉన్నారు. ఒకాయన కుదరదంటాడు, ఇంకొకాయన ఫరవాలేదంటాడు. ఇద్దరిలో ఎవరు సరైనవారో తేల్చే పరీక్ష ఏదైనా ఉందా? లేదు. నా అసలు ఫిర్యాదు ఇదే. తప్పు చెప్పడం పెద్ద నేరం కాదు. తప్పో ఒప్పో తేలే దారే లేకుండా చెప్పడం నేరం.

వైద్యులూ తప్పు చేశారు

వియ్యంకుడుగారి మీద ఆడిట్ పేరా రాసి, మన వైపు పుస్తకాలు మూసేస్తే అది న్యాయం కాదు. సైన్స్ పేరుతో జరిగిన తప్పులూ చూద్దాం.

1867లో హెన్రీ నెస్లే స్విట్జర్లాండ్ లో పాలు, గోధుమపిండి కలిపిన పసిపిల్లల ఆహారం అమ్మడం మొదలుపెట్టాడు. 1873లో హార్లిక్ సోదరులు చికాగోలో ఇంకోటి మొదలుపెట్టారు. ఇవాళ మనం గ్లాసులో కలుపుకునే హార్లిక్స్ కి మూలం ఆ పిల్లల ఆహారమే. తర్వాత డబ్బాలు ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగాయి. 1939లో సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు సింగపూర్ రోటరీ క్లబ్బులో నిలబడి, తల్లిపాల బదులు తీపి డబ్బా పాలు అంటగట్టడం హత్యతో సమానమని చెప్పింది. ఆ మాట ప్రభుత్వాల చెవికెక్కడానికి దశాబ్దాలు పట్టింది. 1981లో అంతర్జాతీయ నియమావళి వచ్చింది. మన దేశంలో 1992లో చట్టం వచ్చింది. 2003 సవరణ తర్వాత రెండేళ్ల లోపు పిల్లల డబ్బా ఆహారాలకి ప్రకటనలివ్వడం నిషిద్ధం.

1953లో అమెరికాలో వాల్టర్ సాకెట్ అనే డాక్టరు పుట్టిన రెండు మూడు రోజులకే గంజిలాంటి ఆహారం మొదలుపెట్టమని రాశాడు. మన ముహూర్తాలవాళ్లు ఆలస్యం చేస్తే, ఈయన ఇంత తొందరపెట్టాడు! అన్నప్రాశన నాడే ఆవకాయ అంటాం గానీ, ఇది పురిటి నాడే ఆవకాయ.

మరి 2001 నాటి అంకె ఎక్కడిది? అదేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1979లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అన్నాయి. తర్వాత అనేక దేశాల్లో నాలుగో నెలలో మొదలుపెట్టిన పిల్లల్నీ, ఆరో నెలలో మొదలుపెట్టిన పిల్లల్నీ పోల్చి చూశారు. విరేచనాలు, ఎదుగుదల లెక్కలు తీసి, 2001లో ఆరు నెలలకి మార్చారు. దాని వెనక వోచర్లున్నాయి. రేపు కొత్త వోచర్లు వస్తే అంకె మళ్లీ మారవచ్చు.

వేరుశనగ కథ ఇంకా బాగుంటుంది. 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం అలెర్జీ భయమున్న పిల్లలకి మూడేళ్ల దాకా వేరుశనగ పెట్టొద్దంది. అయినా అలెర్జీలు పెరిగాయే గానీ తగ్గలేదు. 2008లో ఆ సలహా వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది ఒక పరిశీలన బయటికొచ్చింది. బ్రిటన్ లోని యూదు పిల్లల్లో వేరుశనగ అలెర్జీ 1.85 శాతం ఉంటే, చిన్నప్పటి నుంచే వేరుశనగ చిరుతిండి తినే ఇజ్రాయెల్ పిల్లల్లో 0.17 శాతమే. దాని మీద లండన్ లో 640 మంది పసిపిల్లలతో పరీక్ష పెట్టారు. సగం మందికి వేరుశనగ పెట్టారు, సగం మందికి మానిపించారు. 2015లో ఫలితం వచ్చింది. మొదట్లో చర్మ పరీక్షలో ఏమీ కనపడని పిల్లల్లో, మానినవారిలో 13.7 శాతం మందికి, తిన్నవారిలో 1.9 శాతం మందికే ఐదేళ్లకి అలెర్జీ ఉంది. అంటే పెద్ద డాక్టర్ల సంఘం చెప్పింది తలకిందులైంది. తలకిందులు చేసిందీ డాక్టర్లే. మూఢం తగాదాకీ వేరుశనగ తగాదాకీ ఉన్న తేడా ఇంతే. రెండోది తీరింది.

ఆరో నెలలో ఏం మారుతుంది?

బిడ్డ పుట్టేటప్పుడు తల్లి నుంచి కొంత ఐరన్ నిల్వ తెచ్చుకుంటుంది. దాన్ని ఓపెనింగ్ బ్యాలెన్స్ అనుకోండి. సుమారు ఆరు నెలల్లో అది ఖర్చయిపోతుంది. తల్లిపాలు ఎన్ని విధాల గొప్పవైనా వాటిలో ఐరన్ చాలా తక్కువ. తొమ్మిది నుంచి పదకొండు నెలల బిడ్డకి కావలసిన ఐరన్ లో 97 శాతం పైతిండి నుంచే రావాలని లెక్క కట్టారు. శక్తి విషయంలో కూడా లోటు బడ్జెట్టే. తల్లిపాలు తాగే బిడ్డకి ఆరు నుంచి ఎనిమిది నెలల్లో రోజుకి 200 కేలరీలు, తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో 300, ఏడాది దాటాక 550 పైతిండి నుంచి రావాలి.

మనం పెట్టే జావ, పప్పుకట్టు, పాలన్నంలో ఐరన్ ఎంత? అతి తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో తల్లిపాలతో పాటు పైతిండి కూడా అందుతున్నది 45.9 శాతానికే. ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత 67.1 శాతం. రక్తహీనతకి వేరే కారణాలూ ఉన్నాయి, అంతా అన్నప్రాశన మీదకే నెట్టను. కానీ ఆ వయసు పిల్లల్లో సగానికి పైగా తల్లిపాలతో పాటు పైతిండి అందకుండా ఉండడం చిన్న విషయమా?

బిడ్డ చెయ్యి

ఇప్పటిదాకా పెద్దవాళ్ల సంగతే మాట్లాడుకున్నాం. తినాల్సిన మనిషిని ఎవరూ అడగలేదు. అడిగిన ఒకావిడ ఉంది.

క్లారా డేవిస్ అనే అమెరికన్ డాక్టరు 1926లో మొదలుపెట్టి పదిహేను మంది పసిపిల్లల్ని గమనించింది. ముప్ఫైకి పైగా పదార్థాలు తయారుచేయించి, కొన్ని కొన్ని గిన్నెల్లో ముందు పెట్టేది. మాంసం, చేప, కాలేయం, గుడ్డు, పళ్లు, దుంపలు, ధాన్యాలు, పాలు. చక్కెర లేదు, మైదా లేదు. నర్సు పక్కన ఊరికే కూర్చోవాలి. బిడ్డ చెయ్యి చాపితేనే చెంచా అందించాలి. చేత్తో తింటే తిననివ్వాలి. మొదటి పూటల్లో పిల్లలు చెంచాని, గిన్నె అంచుని, కాగితాన్ని కూడా నమిలి చూశారు. కొద్ది రోజుల్లో ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకోవడం మొదలుపెట్టారు. ఏ ఇద్దరి భోజనమూ ఒకలా లేదు, అందరూ బాగా ఎదిగారు. 1939లో ఆమె ఫలితాలు వివరిస్తూ ఒక హెచ్చరిక చేసింది. కిటుకంతా ఆ పదార్థాల పట్టికలో ఉందట. మంచివే ముందు పెట్టారు కాబట్టి పిల్లలు ఏది ఏరుకున్నా మంచిదే అయింది. బిస్కట్లు, చాక్లెట్లు పెట్టి ఏరుకోమంటే ఈ ఫలితం రాదు. (పిల్లల్ని అలా ఏళ్ల తరబడి ఒక సంస్థలో ఉంచి ప్రయోగం చేయడానికి ఇవాళ ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు కూడా.)

2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో వచ్చిన మార్గదర్శకాలు ఎనిమిదో నెలకి చాలామంది పిల్లలు తమంతట తాము చేత్తో పట్టుకుని తినగలరనీ, ఏడాదికి ఇంట్లో అందరూ తినేదే తినగలరనీ చెప్పాయి. బ్రిటన్ లో తొమ్మిది వేలకు పైగా తల్లుల్ని అడిగి చేసిన ఒక అధ్యయనం 2001లో వచ్చింది. పదో నెల తర్వాత గానీ ముక్కలున్న తిండి రుచి చూడని పిల్లలు, పదిహేనో నెలలో తిండి దగ్గర ఎక్కువ పేచీ పెట్టారని అందులో తేలింది. అది చదివినప్పుడు మా మిక్సీ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

దీవుల మాట

ఈ సంగతులు ఆలోచించడానికి అండమాన్ మంచి చోటు. ఇక్కడ బజారులో ఒకే చేప అమ్ముతారు, ఇంటికో ఆచారం ఉంటుంది. 1949 నుంచి వచ్చి స్థిరపడిన బెంగాలీ కుటుంబాల్లో మేనమామ బిడ్డకి మొదటి ముద్ద పెడతాడు, పళ్లెంలో చేప ఉంటుంది. మలయాళీలది ఒక పద్ధతి, మన శ్రీకాకుళం, విశాఖ వాళ్లది ఇంకో పద్ధతి. నికోబారీలు పూర్వం వరి పండించినవాళ్లే కాదు. మన మొగలి జాతికి చెందిన చెట్టు పండుని ఉడకబెట్టి, పీచులోంచి గుజ్జు గీకి తీసి రొట్టెలా చేసుకునేవారు. అన్నమే లేని చోట అన్నప్రాశన ఏమిటి? అయినా అక్కడా పిల్లలు పెరిగారు. 1942 నుంచి 1945 దాకా జపాన్ వాళ్ల పాలనలో ఓడలు ఆగిపోయి బియ్యం కరువైనప్పుడు ఈ ఊళ్లో జనం కర్రపెండలం, చిలగడదుంపలతో నెట్టుకొచ్చారు. ఏ ముహూర్తం చూసి పెట్టి ఉంటారు?

ఒక చేదు పద్దు కూడా ఉంది. 1863లో ఇంగ్లీషువాళ్లు రాస్ దీవిలో అండమానీ తెగల కోసం ఒక 'హోమ్' పెట్టారు. అడవి మనుషులకి నాగరికత నేర్పుతామన్నారు. ఆ హోముల్లో పుట్టిన 150 మంది పిల్లల్లో ఒక్కరు కూడా రెండేళ్లు దాటి బతకలేదని చరిత్ర. చంపింది ప్రధానంగా బయటి నుంచి వచ్చిన జబ్బులు. కానీ మాకే తెలుసు అన్న ధీమా ఎవరిదైనా, పంచాంగానిదైనా ప్రభుత్వానిదైనా, ముందు పిల్లల్ని లెక్కపెట్టాలన్న సంగతి మర్చిపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

చివరికి ఏం చేశాం?

మేం వేడుక మానలేదు. నలుగురు చుట్టాలు వచ్చి బిడ్డని ముద్దు చేయడంలో నాకేమీ అభ్యంతరం లేదు. ప్రభుత్వమే అంగన్వాడీల్లో అన్నప్రాశన రోజు అని జరిపిస్తోంది. నెల నిండిన పిల్లని తీసుకొస్తే చాలు, అక్కడ మూఢం అడగరు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

"వేడుక మీ మూఢం పోయాకే చేద్దాం బావగారూ, తిండి మాత్రం రేపటి నుంచి" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి వేడుక నాడు మొదటి ముద్ద ఎలా అవుతుంది?" అన్నారు. "మీరు పెట్టే మొదటి ముద్ద అవుతుంది" అంది మా అమ్మాయి. ఆయన నవ్వి ఊరుకున్నారు.

మర్నాడు పిల్లని నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టి, ఉడికిన చిలగడదుంప వేలంత ముక్క చేతికిచ్చాం. రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలిగేది ఏదైనా ఇవ్వవచ్చు. గుడ్డు, ముళ్లు వలిచిన చేప, మెత్తటి పప్పు కూడా మెల్లగా అలవాటు చేయవచ్చు. చేప తినని ఇళ్లలో పప్పులో కాస్త నిమ్మరసం పిండితే ఐరన్ బాగా వంటపడుతుంది. గింజ వేరుశనగ, పచ్చి క్యారెట్, కొబ్బరి ముక్క, గుండ్రటి ద్రాక్ష మాత్రం ఇవ్వకూడదు, గొంతుకి అడ్డం పడతాయి. వేరుశనగని మెత్తగా నూరి, పల్చగా కలిపి పెట్టాలి. పక్కన పెద్దవాళ్లు ఉండాలి. పిల్ల ఓక్ మని దగ్గితే కంగారు పడక్కర్లేదు, అది నేర్చుకుంటోంది. చప్పుడు లేకుండా ఉక్కిరిబిక్కిరైతేనే ప్రమాదం.

మనవరాలు ముక్కని పిసికింది, ముక్కుకి రాసుకుంది, నా కళ్లజోడుకి రాసింది. నాలుగోసారికి దారి దొరికి నోట్లోకి వెళ్లింది. మొహం చిట్లించింది. తర్వాత మళ్లీ చెయ్యి చాపింది.

మా అమ్మాయి నా వైపు చూసి, "నాకెందుకు పెట్టలేదు నాన్నా ఇలా?" అంది, నవ్వుతూనే. ముప్ఫై ఏళ్ల కిందటి డాక్టరు ప్రశ్నకి ఇప్పుడు నా దగ్గర జవాబుంది. అప్పుడు మేం బిడ్డని చూడలేదమ్మా, పంచాంగం చూశాం.